ఐదున్నర వన్స్‌మోర్లు

మన రాష్ట్రంలో ఘట్టాలు లేవన్న సంగతి ప్రభుత్వానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం ఊరుకోలేదు.

తెలియడం ఎలాగంటే, ఒక అధ్యయన బృందం విదేశాలకు వెళ్ళింది. దేన్ని అధ్యయనం చెయ్యడానికి వెళ్ళిందో ఆ బృందానికే గుర్తులేదు గానీ, అక్కడ హఠాత్తుగా వానొచ్చి ఒక మ్యూజియంలో తలదాచుకోవలసి వచ్చింది. అది రాక్, పాప్ సంగీతాల మ్యూజియం. గోడలనిండా ఘట్టాలే. ఒకాయన వేలమంది చూస్తుండగా గిటారుకి నిప్పంటించాడట. అదొక ఘట్టం. ఇంకొకాయన గిటారుని నేలకేసి బాదాడట. అదీ ఘట్టమే. నలుగురు కుర్రాళ్ళు మేడెక్కి పాడితే కింద వీధంతా ఆగిపోయి పోలీసులు వచ్చారట. మరో మహానుభావుడు స్టేజీ మీద గబ్బిలం తల కొరికాడట. ఆ ఫొటోల ముందు జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ కళ్ళొత్తుకుంటున్నారు.

బృందం నాయకుడికి కడుపు తరుక్కుపోయింది. "మన దగ్గర గిటార్లు లేవా? అగ్గిపెట్టెలు లేవా? గబ్బిలాలకేమన్నా కరువా?" అని తిరుగు ప్రయాణంలో విమానం దిగేదాకా వాపోతూనే ఉన్నాడు.

ఆ వాపోవడంలోంచి పుట్టింది, రాష్ట్ర రాక్ పాప్ సంగీత ఘట్టాల పరిరక్షణ మండలి. దానికి అధ్యక్షుడు గండికోట భూషణరావుగారు. అంతకుముందు ఆయన కొబ్బరిపీచు సంస్థకు అధ్యక్షుడు. పీచుకీ తీగకీ ఎంతో దూరం లేదని ప్రభుత్వం భావించింది.

మండలి పుట్టిన వారానికే ఉత్తర్వు పుట్టింది. ప్రతి జిల్లా తనదైన ఒక ఘట్టాన్ని గుర్తించాలి. గుర్తించిన ఘట్టాన్ని ఏటా, జరిగింది జరిగినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ జరిపించాలి. జిల్లాకొక ఘట్టాధికారి.

జిల్లాలన్నీ కాళ్ళూ చేతులూ ఆడించాయి. ఒక జిల్లా వాళ్ళు, కరెంటు షార్టయి కాలిపోయిన సంగీత వాయిద్యాల కొట్టుని తమ ఘట్టంగా పంపారు. గిటార్లు కాలాయా లేదా అన్నదే వాళ్ళ వాదన. ఇంకో జిల్లా ఆఫీసులో టైపు చేసినవాడు ట కింద వత్తు మింగేశాడు. "మా జిల్లాకు తక్షణం ఇరవై ఘటాలు మంజూరు చేయగలరు" అని కాగితం వెళ్ళింది. లారీలో ఇరవై మట్టికుండలు దిగాయి. వాటిని తిప్పి పంపే నిబంధన లేకపోవడంతో ఆఫీసులో నీళ్ళు మాత్రం ఆ వేసవంతా చల్లగా దొరికాయి.

వేగుపాడు జంక్షన్ ఉన్న జిల్లాకి ఘట్టాధికారిగా వచ్చినవాడు చల్లా సోమేశ్వరరావు. చెడ్డవాడు కాడు. ఉత్తర్వు చదివితే ఆకలి దప్పులు మరిచిపోయే రకం, అంతే. ఆయన ఊరూరా తిరిగి విచారించగా విచారించగా, చివరికి వేగుపాడు రైల్వే కాలనీలో ఒక ముసలాయన పేరు తగిలింది. కొమ్మూరి దేవసహాయం, పార్శిలు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాలనీలో అందరికీ గిటారు సహాయం.

సోమేశ్వరరావు వెళ్ళేసరికి సహాయం వరండాలో కూర్చుని ఎడమచేతి వేళ్ళు వేన్నీళ్ళలో ముంచుకుంటున్నాడు. పొద్దున్నే ఆ వేళ్ళు మొండికేస్తున్నాయి. తీగ నొక్కమంటే నొక్కడం లేదు. గిటారు ఇంకెన్నాళ్ళు పలుకుతుందో అని ఆయనకి లోపల గుబులు.

"లూప్‌లైన్స్ అనే వాద్యబృందం మీదేనా?" అన్నాడు సోమేశ్వరరావు.

యాభై ఏళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. సహాయం గిన్నెలోంచి చెయ్యి తీసి లేచి నిలబడ్డాడు. "ఔనండీ! మాదేనండీ! సుగుణా, కుర్చీ వెయ్యి, ఎవరో పెద్దమనిషి వచ్చారు!"

ఆ కథ ఇదీ. యాభై ఏళ్ళ కిందట రైల్వే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవానికి పౌరాణిక నాటకం పెట్టారు. కృష్ణుడి వేషగాడు ఎక్కిన బండి రాలేదు. హాలు నిండిపోయి జనం గోల చేస్తుంటే, కాలనీ కుర్రాళ్ళ బ్యాండుని ఈలోగా ఏదో ఒకటి వాయించమని స్టేజీ మీదికి తోశారు. గిటారు సహాయం, డ్రమ్ములు మస్తాను, బేసు గిటారు పాల్. కృష్ణుడు వచ్చేలోగా రెండు పాటలు. మొదటిది రేడియోలో విని నేర్చుకున్న ఇంగ్లీషు పాట. రెండోది సహాయం సొంతంగా రాసి కట్టుకున్న తెలుగు పాట. ఆ పాట ఎవరి మీద రాశాడంటే, లెవెల్ క్రాసింగ్ గేట్‌మన్ కూతురు సుగుణ మీద. ఆ పిల్లకి ముందే చెప్పాడు, "రెండోది నీదే, లేచి వెళ్ళిపోకు" అని. ఆ పిల్ల ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

మొదటి పాట అయింది. పద్యనాటకాలు చూసే మన జనానికొక ధర్మం ఉంది. పాడింది బాగుంటే వన్స్‌మోర్ కొట్టాలి. వన్స్‌మోర్ పడిందా, చచ్చిపడున్న పాత్ర కూడా లేచి, పద్యం మళ్ళీ ఎత్తుకుని, మళ్ళీ చావాల్సిందే. ఆ పైన ఇది ఇంగ్లీషు పాట. ఇంగ్లీషు పాటని ఇంగ్లీషులోనే మెచ్చుకోవడం మర్యాద. హాల్లో అందరికీ వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. "వన్స్‌మోర్!" అన్నారు. పాడారు. మళ్ళీ "వన్స్‌మోర్!" అన్నారు. మళ్ళీ పాడారు. అలా కొడుతూనే ఉన్నారు, వీళ్ళు పాడుతూనే ఉన్నారు. ఈలోగా కృష్ణుడు రిక్షా దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తెర దించేశారు. రెండో పాట గొంతులోనే ఉండిపోయింది.

తర్వాత సహాయానికీ సుగుణకీ పెళ్ళయింది, పిల్లలయ్యారు, వాళ్ళకీ పెళ్ళిళ్ళయ్యాయి. ఆ పాట మాత్రం సుగుణమ్మ ఇప్పటికీ వినలేదు. అడిగితే, "స్టేజీ మీద పాడాల్సిన పాట వంటింట్లో పాడితే చల్లారిన దోసెలా ఉంటది" అంటాడు సహాయం. చాదస్తం. అయినా ఆ చాదస్తంతోనే యాభై ఏళ్ళు కాపురం చేసింది ఆవిడ.

ఇదంతా విని సోమేశ్వరరావు పరవశించిపోయాడు. "శుభం! అదే హాలు, అదే స్టేజీ, అదే బృందం. వచ్చే నెల్లోనే పునఃప్రదర్శన. అధ్యక్షులవారు స్వయంగా విచ్చేస్తారు."

సహాయం కళ్ళు మెరిశాయి. "అంటే... రెండో పాట పాడొచ్చన్నమాట!"

"రెండో పాటేమిటి?"

"అదేనండీ, ఆవేళ పాడకుండా మిగిలిపోయింది."

"సహాయంగారూ, మీరు పెద్దవారు, అర్థం చేసుకోవాలి," అన్నాడు సోమేశ్వరరావు మెత్తగా. "జరిగింది ఘట్టం. జరగనిది ఘట్టం కాదు. రెండో పాట మీరు పాడలేదు. పాడకపోవడమే చరిత్ర. ఇప్పుడు పాడితే సదరు చరిత్రకు భంగం వాటిల్లుతుంది."

"ఒక్క పాటకే భంగమయ్యేదైతే అదేం చరిత్రండీ?" అంది సుగుణమ్మ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ.

సోమేశ్వరరావు మజ్జిగ తాగాడు గానీ మాట మార్చుకోలేదు.

ఆయన వెళ్ళాక సహాయం మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నేను పాడనే పాడను పో! ఆ ఇంగ్లీషు పాట పేరెత్తితేనే నాకు ఒళ్ళు మండిపోద్ది."

"ముందు స్టేజీ ఎక్కండి," అంది సుగుణమ్మ. "ఎక్కినోళ్ళకి ఏదో ఒక దారి ఉంటది. ఇట్టా మంచమెక్కి పడుకుంటే ఏముంటది?"

సహాయం ఎక్కడానికి ఒప్పుకున్నాడు.

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. ఆనాడు ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి? జరిగింది జరిగినట్టు జరిపించాలంటే లెక్క తేలాలి. బతికున్న సాక్షులు ముగ్గురే దొరికారు. సహాయాన్ని అడిగితే, "మూడండీ, కచ్చితంగా మూడే," అన్నాడు. లెక్క తగ్గితే తెర పడేలోగా కాస్త సందు దొరుకుతుందని ఆయన ఆశ. డ్రమ్ములు మస్తానుని అడిగితే రొమ్ము విరుచుకుని, "ఎనిమిది! మావాడు మర్చిపోయి ఉంటాడు. నా చేతులు బొబ్బలెక్కినియ్యి సార్!" అన్నాడు.

"నీ నోరు పడ! ఎనిమిదని ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?" అని సహాయం బయటికొచ్చాక కొట్టబోయాడు.

"ఒరే, ఉన్నమాట చెప్పా. మనకొచ్చిన పేరుని మనమే తగ్గించుకుంటామా?" అన్నాడు మస్తాను.

సుగుణమ్మ సాక్ష్యం చెల్లదన్నారు. ఆవిడ కూర్చున్నది ఆడవాళ్ళ వైపు, వన్స్‌మోర్లు పడింది మగవాళ్ళ వైపు నుంచి.

మూడూ ఎనిమిదీ కలిపి సగటు తీశారు. ఐదున్నర వచ్చింది.

ఐదు సంగతి సరే. ఆ అర వన్స్‌మోర్ ఏమిటి? దాన్ని తేల్చడానికి నిపుణుల ఉపసంఘం కూర్చుంది. అందులో ఒక వ్యాకరణ పండితుడు, ఒక లెక్కల మాస్టారు, క్రీడల కోటా కింద ఒక ఈతకోచ్. 'వన్స్' ఒక సగం, 'మోర్' ఒక సగం అని లెక్కల మాస్టారు విడగొట్టాడు. మరి ఏ సగం అరవాలి? 'మోర్' అంటే ఇంకా కావాలని అర్థం గనక, ప్రభుత్వాన్ని ఇంకా ఇంకా అడిగే అలవాటు ప్రజలకు నేర్పడం మంచిది కాదని పండితుడు అభిప్రాయపడ్డాడు. కాబట్టి ఆఖరుసారి ప్రేక్షకులు 'వన్స్' అని ఆపెయ్యాలి. దానికి ప్రతిగా బృందం పాటని సగం పాడి ఆపెయ్యాలి. వెంటనే తెర. ఈతకోచ్ కూడా సంతకం పెట్టాడు.

ఇక అరిచేవాళ్ళు కావాలి. ఈ కాలం జనానికి వన్స్‌మోర్ కొట్టడం చేతకాదు, ఫోన్లు పైకెత్తి ఊరుకుంటారు. అందుకని చుట్టుపక్కల పొదుపు సంఘాల ఆడవాళ్ళనీ, పనిలేని మగవాళ్ళనీ పోగేసి శిక్షణ ఇచ్చారు. సోమేశ్వరరావు ఆకుపచ్చ జెండా ఎత్తితే "వన్స్‌మోర్". జెండా సగం ఎత్తితే "వన్స్". జెండా లేకుండా నోరు విప్పితే భత్యం కట్. మొదటిరోజు 'వన్స్' దగ్గర ఆగలేక సగంమంది 'మో' దాకా వెళ్ళిపోయారు. వాళ్ళకి ప్రత్యేక తరగతులు పెట్టారు.

బేసు గిటారు పాల్ కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆ స్థానం ఖాళీగా ఉంచకూడదు గనక ఘట్టాల ఆఫీసు టైపిస్టు నూకరాజుని ఇన్‌చార్జి బేసు గిటారిస్టుగా వేశారు. "సార్, నాకు గిటారు రాదు," అని మొత్తుకున్నాడు నూకరాజు.

"నిన్ను వాయించమని ఎవరన్నారయ్యా? అదనపు బాధ్యతలు నిర్వర్తించమన్నారు. తీగల జోలికి వెళ్ళకు," అన్నాడు సోమేశ్వరరావు.

పండగ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడిపోతోంది. భూషణరావుగారు ముందువరసలో సోఫా మీద కూర్చున్నారు, మెడలో కొబ్బరిపీచంత మందాన దండ. సుగుణమ్మ ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆనాటి చోటులోనే కూర్చుంది.

మొదటి అపశ్రుతి హాలు బయటే పలికింది. ఈ ప్రదర్శనకి కుదిర్చిన కృష్ణుడు వేషమేసుకుని ముందే వచ్చేశాడు.

"నువ్వు ఆలస్యంగా రావాలయ్యా!" అని తల బాదుకున్నాడు సోమేశ్వరరావు. "ఉత్తర్వు చదివావా లేదా?"

"ఎప్పుడూ ఆలస్యంగా వస్తున్నావని తిడతారుగదా అని ఈసారి పెందలాడే బయల్దేరానండీ," అన్నాడు కృష్ణుడు నొచ్చుకుని.

ఆయన్ని స్టేషను దాకా పంపి, అక్కణ్ణించి మళ్ళీ ఆలస్యంగా రమ్మన్నారు.

లోపల తెర లేచింది. సహాయం తెల్ల జుట్టు నున్నగా దువ్వుకుని, ఎప్పటిదో బిగుతు చొక్కా తొడుక్కుని గిటారు మీటాడు. మస్తాను డ్రమ్ముల మీద విరుచుకుపడ్డాడు. నూకరాజు గిటారు మెడలో వేసుకుని బాధ్యతగా నిలబడ్డాడు. పాట అయింది. జెండా లేచింది. "వన్స్‌మోర్!" అని హాలు దద్దరిల్లింది.

మొదటి వన్స్‌మోర్‌కి భూషణరావుగారు చిరునవ్వు నవ్వారు. రెండోదానికి తల ఊపారు. మూడోదానికి దండ తీసి పక్కన పెట్టారు. నాలుగోదానికి పక్కవాణ్ణి, "ఈ పాట ఇందాక పాడింది కాదూ?" అని అడిగారు. ఐదోదానికి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. సహాయానికి చొక్కా తడిసిపోయింది. వేళ్ళు సలుపుతున్నాయి. ప్రతిసారీ ఆయన చూపు మూడో వరస మీదికే పోతోంది, ప్రతిసారీ జెండా లేచి ఆ చూపుని లాక్కొస్తోంది. ఇంకేముంది, ఈసారీ అంతే, ఈ జన్మకింతే అనుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది.

జెండా సగం లేచింది. "వన్స్!" అని హాలంతా గొంతు నొక్కినట్టు ఆగింది. లూప్‌లైన్స్ వారు పాట సగం పాడి, మాట మధ్యలో ఆగిపోయారు. నిపుణులు చెప్పినట్టే ఎక్కడా పొల్లుపోలేదు. తెర తాడు పట్టుకున్నవాడు సోమేశ్వరరావు సైగ కోసం చూస్తున్నాడు. హాలు చీమ చిటుక్కుమంటే వినబడేట్టుంది.

మూడో వరసలో సుగుణమ్మ లేచి నిలబడింది.

"ఏమండీ! రెండోది కానీండి!"

హాలంతా అటు తిరిగింది. సోమేశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, కూర్చోండి. వన్స్‌మోర్లు మంజూరైన మేరకు అయిపోయాయి. ఇక ఒక్కటి కూడా ఇవ్వడానికి లేదు."

"నేను వన్స్‌మోర్ అన్లేదే! పాడిందే మళ్ళీ పాడమని నేనెందుకంటా? ఆ పాట విని విని నాకూ ఒళ్ళు మండిపోయింది. ఇంకోటి పాడమంటున్నా."

సోమేశ్వరరావు మార్గదర్శకాలు తిరగేశాడు. వన్స్‌మోర్ మీద బోలెడంత ఉంది. అర వన్స్‌మోర్ మీద అంతకంటే ఎక్కువుంది. 'ఇంకోటి' అంటే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. కాదనడానికి ఆధారం లేదు, ఔననడానికీ లేదు. అలాంటి పరిస్థితిలో ఉద్యోగి చెయ్యవలసింది ఒకటే. పైవారిని అడగాలి. ఆయన అధ్యక్షులవారి ముందు వంగి, "తమరి అమూల్యమైన ఆదేశం..." అన్నాడు.

భూషణరావుగారు ఆయన చెయ్యి పట్టేసుకున్నారు. "ఆ పాట తప్ప ఏదైనా సరే! నీకు పుణ్యముంటుంది, ఏదైనా పాడించవయ్యా!"

సహాయం ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. మస్తాను వెనకనుంచి, "ఒరే, నిద్రపోతున్నావా? ఎత్తుకో!" అన్నాడు. సహాయం ఎత్తుకున్నాడు.

*గేటు పడిందే, బండి రాదే,*
*నువ్వు అవతల, నేను ఇవతల!*
*ఎర్ర లైటూ ఆరేలోగా*
*ఇటు చూడవే పిల్లా, ఒక్క పాలి చూడవే!*

గొంతు రెండుచోట్ల జీరపోయింది. ఒక వేలు మొరాయించింది. అయినా ఏం లోటు రాలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడి తొందర పాటలో ఎక్కడికీ పోలేదు. మస్తాను డ్రమ్ముల మీద ఎక్స్‌ప్రెస్ బండిని తోలుకొచ్చి గేటు దాటించాడు. ఆ ఊపులో నూకరాజు తననితాను మరిచిపోయి తీగ లాగాడు. అదీ కలిసొచ్చింది. మూడో వరసలో సుగుణమ్మ కూర్చోవడం మరిచిపోయి నిలబడే వింటోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియదు.

పాట అయింది. హాల్లో చప్పుడు లేదు. శిక్షణ పొందినవాళ్ళంతా జెండా వైపు చూస్తున్నారు. జెండా సోమేశ్వరరావు చేతిలో తలకిందులుగా వేలాడుతోంది. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచి, "పోతే పోయింది ఎదవ భత్యం!" అని, "వన్స్‌మోర్!" అని ఒక్క గావుకేక పెట్టింది. అంతే, హాలు కప్పు లేచిపోయింది. జెండాల్లేవు, అరల్లేవు. అప్పుడే స్టేషను నుంచి, చెప్పినట్టే ఆలస్యంగా వచ్చిన కృష్ణుడు గుమ్మంలో నిలబడి, విషయమేమిటో తెలియకపోయినా, కిరీటం తీసి ఊపుతూ వన్స్‌మోర్ అన్నాడు.

ఆ మాట అంటే యాభై ఏళ్ళుగా మండిపడే సహాయం, ఆ మాటకి చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. మళ్ళీ పాడాడు. ఇంకోసారి పాడాడు. వేళ్ళు ఇక కదలమన్నాక ఆపాడు.

అంతా అయ్యాక సోమేశ్వరరావు స్టేజీ వెనక్కి వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది. సుగుణమ్మ మొగుడి వేళ్ళకి కొబ్బరినూనె రాస్తోంది.

"కొంప ముంచారు సహాయంగారూ," అన్నాడు సోమేశ్వరరావు కూలబడుతూ. "చరిత్ర మారిపోయింది. వచ్చే ఏడాది నుంచి రెండు పాటలూ జరిపించాలి. దీనికెన్ని వన్స్‌మోర్లు పడ్డాయో లెక్కపెట్టినవాడు లేడు."

"మీరున్నారు గదండీ?"

"నేనూ అరుస్తున్నానండీ," అన్నాడు సోమేశ్వరరావు తలొంచుకుని.

అంతలోనే ఆయనకి మళ్ళీ ఉద్యోగం గుర్తొచ్చింది. లేచి గొంతు సవరించుకున్నాడు. "ఒక్క విషయం నిజం చెప్పండి. మూడో పాటేమన్నా ఉందా మీ దగ్గర? ఉంటే ఇప్పుడే చెప్పండి. ముందస్తుగా నిషేధించాలి."

"లేదండీ," అన్నాడు సహాయం. "రాసింది ఆ ఒక్కటే."

"ఇవాళ్టికి లేదు," అంది సుగుణమ్మ, నూనె చేతులు తుడుచుకుంటూ. "మీరు నిషేధించండి బాబూ. అప్పుడుగానీ ఈయనకి ఊపు రాదు."